సాక్ష్యం చెప్పొచ్చట, వాక్యం చెప్పకూడదట

వెనక బెంచీ
ఇంకో రెండు వారాల్లో మా సంఘంలో స్త్రీల ఆదివారం. ఏడాదికోసారి ఆ ఒక్క రోజు ఆరాధనంతా ఆడవాళ్లే నడుపుతారు. ఇరవై రెండేళ్లుగా సండే స్కూలు చెబుతున్నానని స్త్రీల మైత్రిలో అందరూ ఈసారి నన్నే మాట్లాడమన్నారు. నిన్న కమిటీ పెద్దాయన ఒకరు పిలిచి మెల్లగానే చెప్పారు. "అమ్మా, మీరు పది నిమిషాలు సాక్ష్యం చెప్పండి. వాక్యం పాస్టరు అయ్యగారు చెబుతారు. పుల్పిట్ ఎక్కొద్దు, కింద మైకు పెట్టిస్తాం" అన్నారు.

ఆయన మంచివారే, గొడవపడే మనిషి కాదు. కానీ ప్రసంగం చెప్పే ఆ పుల్పిట్‌కి మూడంటే మూడు మెట్లు. ప్రతి శనివారం వాటిని కడిగేది నేనే. చీపురుతో ఎక్కితే తప్పు లేదు, బైబిలుతో ఎక్కితే తప్పు.

దేవుడు నాకేం చేశాడో చెబితే సాక్ష్యం, బైబిలు వివరించి ప్రసంగిస్తే వాక్యం అంటారు. అసలు ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుంది? ఫెమినిస్టు థియాలజీ అని ఒకటుందని మా అమ్మాయి అంటోంది. చదివినవాళ్లు ఉంటే మామూలు తెలుగులో చెప్పండి. నేను డిగ్రీ కూడా పూర్తి చేయలేదు.

పాత తర్జుమా
1 కొరింథీయులకు 14:34. "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను." ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? సాక్ష్యానికి ఒప్పుకున్నారంటేనే మీ పెద్దలు ఉదారులు.

గోదారిగట్టు
అన్నా, పౌలు రాసిన అదే పత్రికలో, అదే ఉత్తరంలో, మూడు అధ్యాయాలు వెనక్కి రండి. 11:5లో స్త్రీ "ప్రార్థనచేయునో లేక ప్రవచించునో" అప్పుడు ముసుగు వేసుకోవాలంటాడు. మౌనంగా ప్రవచించడం ఎలాగండీ, సైగలతోనా?

నీళ్లబిందె
హహ. మా సంఘంలో ముసుగు వచనం అందరికీ కంఠతా వచ్చు. ఆ వచనంలో ఆడవాళ్లు నోరు విప్పి మాట్లాడుతున్నారని మాత్రం ఎవరికీ కనపడదు.

పాత తర్జుమా
11లో చెప్పింది ఇంటి ప్రార్థన గురించి అయి ఉండొచ్చు. వాక్యం వాక్యంతో పోట్లాడదు.

గోదారిగట్టు
అప్పట్లో చర్చి అంటే ఇల్లే కదన్నా. కొరింథులో గోపురం ఎవరు కట్టారు?

బీడీ రెండో సంవత్సరం
థియాలజీ, అంటే దైవశాస్త్రం, బీడీ డిగ్రీ చదువుతున్నాను. (పేరు చూసి పొగాకు జోకులు వేయొద్దు, అన్నీ అయిపోయాయి.) వెనక బెంచీ ఆంటీ, మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను.

34, 35 వచనాల సంగతి కొంచెం చిక్కుది. కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో అవి అక్కడ ఉండవు, అధ్యాయం చివర 40వ వచనం తర్వాత ఉంటాయి. మొదట ఎవరో అంచున రాసుకున్న మాట తర్వాత లోపలికి చేరి ఉంటుందని బైబిలు పండితుడు గోర్డన్ ఫీ 1987లో వాదించాడు. ఆయన ఫెమినిస్టు కాదు, పెంతెకొస్తు సంఘాల మనిషి. ఈ వాదం ఒప్పుకోనివాళ్లూ చాలామంది ఉన్నారు, అదీ చెప్పాలి.

ఇక ఫెమినిస్టు థియాలజీ. బైబిలు రాసింది మగవాళ్లు, తర్జుమా చేసింది మగవాళ్లు, పుల్పిట్ ఎక్కి వివరించిందీ మగవాళ్లే. మరి ఆ కథల్లో ఉన్న ఆడవాళ్ల వైపు నుంచి చదివితే ఏం కనపడుతుంది? మొదలైంది ఈ ప్రశ్నతోనే. అమెరికాలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ మరికొంతమంది ఆడవాళ్లతో కలిసి 1895లో, 1898లో రెండు భాగాలుగా ఒక వ్యాఖ్యానం తెచ్చింది. పెద్ద గొడవయింది, ఓటు హక్కు కోసం ఆమెతో కలిసి పోరాడిన సంఘమే మాకు దాంతో సంబంధం లేదని తీర్మానం చేసింది. తర్వాత 1970లు, 80లలో చాలామంది రాశారు. మేరీ డేలీ లాంటివాళ్లు ఇది బాగుపడదని చర్చి వదిలి వెళ్లిపోయారు. రోజ్‌మేరీ రూథర్, ఎలిసబెత్ ఫియోరెంజా లోపల ఉండే పోట్లాడారు. అందరిదీ ఒకే మాట అనుకోవద్దు.

పాత తర్జుమా
అదే నేను చెప్పేది. అంతా అమెరికా సరుకు.

నీళ్లబిందె
మన ఊళ్లకు మిషనరీలు ఎక్కడినుంచి వచ్చారన్నా, అమలాపురం నుంచా?

డాలస్ దానియేలు
అమెరికా సరుకు అంటే ఏ అమెరికా అని అడగాలి. ఇక్కడ సదరన్ బాప్టిస్టులనే పెద్ద క్రైస్తవ శాఖ వాళ్లు ఆడవాళ్లను పాస్టర్లుగా పెట్టినందుకు 2023లో శాడిల్‌బ్యాక్ చర్చిని బయటికి పంపారు. వాళ్లలో పెద్ద చర్చిల్లో అదొకటి. ఆ నియమాన్ని ఏకంగా తమ శాఖ రాజ్యాంగంలోకి ఎక్కిద్దామని 2024లో ఓటు పెడితే మూడింట రెండొంతులు రాక ఆగింది. ఇక్కడా తేలలేదు, మీరు కంగారు పడకండి.

గోదారిగట్టు
సంస్కృతం చదివిన మన మరాఠీ పండిత రమాబాయి అమెరికా సరుకా? 1883లో బాప్తిస్మం తీసుకుంది. ఇంగ్లండులో ఉన్నప్పుడు ఆమె మగపిల్లలకు పాఠం చెప్పడం బాగుండదని బిషప్పులు అడ్డుపడితే, నేను మా దేశంలో మగవాళ్ల సభల్లోనే మాట్లాడి వచ్చానని నిలదీసింది. తర్వాత హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలంతా మరాఠీలోకి తర్జుమా చేసింది. కేడగావ్‌లో తన ముక్తి మిషన్ ప్రెస్‌లో ఆడవాళ్ల చేత అచ్చు వేయించింది. 1922లో ఆమె పోయింది, పూర్తి బైబిలు 1924లో వచ్చింది.

మన దగ్గర బైబిలు స్త్రీలు మాత్రం? మిషనరీ దొరలు అడుగుపెట్టలేని ఇళ్లలోకి, వంటగదుల దాకా వెళ్లి వాక్యం చెప్పింది వాళ్లు. జీతం చూస్తే మగ ఉపదేశి జీతంలో ముక్క. మా నాయనమ్మ అత్తగారు అలాంటిదే. రోజుకు మూడు ఊళ్లు నడిచేదట. ఆమె చెప్పింది వాక్యమా, సాక్ష్యమా? అప్పుడు ఎవరూ అడగలేదు, పుల్పిట్ లేదు కాబట్టి.

వెనక బెంచీ
ఇది నాకు తగిలింది. మా అమ్మమ్మ కూడా బైబిలు స్త్రీయే. పుల్పిట్ వచ్చాకే అడ్డు వచ్చిందన్నమాట.

లూథరన్ పిల్ల
నాకో పక్క ప్రశ్న. స్త్రీ ప్రెస్బిటరును, అంటే ఆడ పాస్టరును, ఏమని పిలవాలి? అయ్యగారి భార్య అమ్మగారు. ఆమే అయ్యగారైతే?

కాకినాడ కాజా
మా పక్క పాస్టరేట్‌లో ఒకామె ఉండేవారు. ఆమెను అమ్మగారు అనేవాళ్లం. చిక్కల్లా వాళ్లాయనతో. ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. అమ్మగారి భర్త అయ్యగారే కదా అని ముసలమ్మలు ఆయన దగ్గర తలవంచి ప్రార్థన చేయమనేవాళ్లు. పాపం ఆయన చేసేవాడు కూడా. తర్వాత పాలసీ చేయించాడా లేదా తెలియదు.

లూథరన్ పిల్ల
చచ్చాను నవ్వలేక.

బీడీ రెండో సంవత్సరం
నవ్వులాట పక్కన పెడితే, సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆడవాళ్లు 1976 నుంచే ప్రెస్బిటర్లు. 2013లో నంద్యాల డయోసీసుకు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన తెలుగామే. ఇంగ్లండు చర్చి తన మొదటి మహిళా బిషప్‌ను చూసింది 2015లో. మన తర్వాత.

వెనక బెంచీ
మాదీ సి.ఎస్.ఐ.యే బాబూ! బిషప్ కావచ్చు గానీ మా మూడు మెట్లు ఎక్కకూడదా?

నీళ్లబిందె
కాగితం మీద ఉన్నది కమిటీ దాకా రావాలంటే బస్సు దొరకాలి కదక్కా.

పాత తర్జుమా
సరే, బిషప్ సంగతి వదిలేయండి. నాకు ఈ థియాలజీ వాళ్ల మీద అసలు అభ్యంతరం వేరే. రేపు "మా తండ్రీ" తీసేసి "పరలోకమందున్న మా తల్లీ" అంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థన మార్చే హక్కు ఎవరిచ్చారు?

గుణదల మెట్లు
మేం కథోలికులం. తల్లీ అని మేం రోజూ అంటాం, కాకపోతే మరియమాతను. గుణదల తిరునాళ్లకు ఫిబ్రవరిలో వచ్చి చూడండి, అక్కడికి వచ్చేవాళ్లు ఎవరితో మాట్లాడుకుంటారో. అంత భక్తి ఉన్నా పీఠం దగ్గర పూజ అర్పించడానికి ఆడవాళ్లకు వీల్లేదు. 1994లో రెండో జాన్ పాల్ పోపుగారు స్త్రీలకు గురుపట్టం, అంటే ఫాదర్ పదవి, ఇచ్చే అధికారం తిరుసభకు అసలు లేదని రాసేశారు. అమ్మను అంత ఎత్తున పెట్టి, అమ్మాయిలను కింద కూర్చోబెట్టడం మాకు బాగా వచ్చు.

బీడీ రెండో సంవత్సరం
పాత తర్జుమా అంకుల్, ప్రార్థన మార్చమని అందరూ అనరు. దేవుడికి లింగం లేదని మీరూ నేనూ ఒప్పుకుంటాం. అలాంటప్పుడు తండ్రి అనేది ఒక పోలికే కదా, మిగతా పోలికలు ఎందుకు మరిచిపోయాం అని వాళ్ల ప్రశ్న. యెషయా 66:13 "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను." మత్తయి 23లో యేసు తనను పిల్లలను రెక్కల కింద చేర్చుకునే కోడితో పోల్చుకున్నాడు. లూకా 15లో మూడు కథలు వరసగా ఉంటాయి. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు. కాపరి దేవుడు, తండ్రి దేవుడు అని వంద ప్రసంగాలు విన్నాను. చీపురు పట్టుకుని, దీపం వెలిగించి ఇల్లు ఊడ్చి నాణెం వెతికే ఆడమనిషి దేవుడు అని ఒక్కటైనా విన్నారా?

వెనక బెంచీ
చీపురు!! మెట్లు కడిగేటప్పుడు గుర్తు పెట్టుకుంటాను.

తెలుగు పండితుణ్ణి
నేను క్రైస్తవుణ్ణి కాను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. వ్యాకరణం వాసన తగిలి వచ్చాను, తప్పుగా అనుకోకండి.

ఈ గొడవ ఇంగ్లీషులో ఒక రకం, తెలుగులో ఇంకో రకం. మనకు "దేవుడు" అనగానే చివర "డు" వచ్చి కూర్చుంది. ఆయన మగవాడైపోయాడు. ఆడమాట పెడదామంటే ఇంకో ఇబ్బంది. చిన్నయసూరి చెప్పినట్టు స్త్రీవాచకాలు, అంటే మహతీ వాచకాలు, ఏకవచనంలో అమహత్తులతో (జంతువులు, వస్తువులు) పోతాయి, బహువచనంలో మహత్తులతో (మగవాళ్లు) పోతాయి. అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, బస్సు వచ్చింది. మూడింటికీ ఒకటే క్రియ. ఇద్దరు అమ్మలైతే "వచ్చారు". ఒక్కతే ఉన్నంతసేపు ఆడమనిషి వస్తువుల వరసలో ఉంటుంది, ఇద్దరైతే మనుషుల్లో కలుస్తుంది.

మీ పాత బైబిలు భాషలో మాత్రం ఒక సుళువు ఉంది. "వచ్చును", "వచ్చెను" అన్నప్పుడు వాడికీ ఆమెకూ దానికీ తేడా ఉండదు. ప్రార్థనలో "నీవు" అంటారు, దానికీ లింగం లేదు. దేవుడితో మాట్లాడినంతసేపు సమస్య లేదు. దేవుడి గురించి మాట్లాడటం మొదలుపెడితేనే వస్తుంది.

నీళ్లబిందె
మాస్టారూ, ఇద్దరైతే మనుషులు! ఇది మా మైత్రి గోడ మీద రాయించాలి.

బీడీ రెండో సంవత్సరం
మాస్టారూ, మీకు తెలియకుండానే ఆదికాండం 1:2 దగ్గరికి వచ్చారు. "దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను." హీబ్రూలో ఆత్మ, అంటే రూఅహ్, స్త్రీలింగం. "అల్లాడు" అనే క్రియ కూడా స్త్రీలింగ రూపంలోనే ఉంది. గ్రీకులో న్యూమా నపుంసకం. పాత సిరియా క్రైస్తవులు మొదట్లో ఆత్మను ఆడమాటగానే వాడేవారు. మన తర్జుమాలో "అల్లాడుచుండెను" అనడంతో ఏ లింగమూ లేకుండా తప్పించుకున్నాం. ద్వితీయోపదేశకాండం 32:11లో పక్షిరాజు తన పిల్లల మీద అల్లాడుతుంది. హీబ్రూలో రెండుచోట్లా అదే క్రియ, తెలుగులోనూ రెండుచోట్లా "అల్లాడు" అనే పెట్టారు. తర్జుమా చేసినవాళ్ల చెవి గొప్పది. తర్వాత పాటలు కట్టినవాళ్లు, ప్రసంగీకులు "పరిశుద్ధాత్ముడు" అని "డు" తగిలించారు.

పాత తర్జుమా
ఇన్నాళ్లకు ఒక మంచి మాట విన్నాను. పాత తర్జుమాను మెచ్చుకున్నందుకు థ్యాంక్స్.

బీడీ రెండో సంవత్సరం
ఇంకోటి కూడా మెచ్చుకుంటాను అంకుల్. రోమా 16:1లో ఫీబే అనే ఆమెను ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు ఊరికే "సేవకురాలు" అంది. అదే గ్రీకు మాట ఫిలిప్పీ 1:1లో మగవాళ్లకు వస్తే "డీకన్లు" అని పదవి పేరు పెట్టింది. మన తెలుగువాళ్లు అక్కడ "పరిచారకులు" అన్నారు, ఇక్కడ "సంఘపరిచారకురాలు" అన్నారు. న్యాయంగా చేశారు.

అదే అధ్యాయం 7వ వచనంలో యూనీయ ఉంది, అపొస్తలుల్లో పేరున్న మనిషి. నాలుగో శతాబ్దంలో ప్రసంగీకుడు క్రిసోస్తమ్ ఆమె స్త్రీ అనే పొగిడాడు. 1927 నుంచి అచ్చయిన గ్రీకు ప్రతుల్లో మాత్రం ఆ పేరును మగపేరు చేసేశారు. 1998లో మళ్లీ ఆడపేరు చేశారు. డెబ్బై ఏళ్లు ఆవిడకు మీసాలు పెట్టి ఉంచారు.

లూథరన్ పిల్ల
మా తాతగారు యూనీయ అంటే మగాయన అనుకుని మా బాబాయికి పెట్టబోయారట. ఇంట్లోవాళ్లు ఆపారు. బాబాయి బతికిపోయాడు.

గోదారిగట్టు
ఆదికాండం 2:18 "సాటియైన సహాయము" కూడా చూడండి. పెళ్లి ప్రసంగాల్లో "సహాయము" పట్టుకుని వంట, బట్టలు అంటారు. "సాటియైన" మింగేస్తారు. ఆ సహాయానికి హీబ్రూ మాట ఏజెర్. కీర్తన 121లో "యెహోవావలననే నాకు సహాయము కలుగును" అన్నచోటా అదే మాట. యెహోవా మనకు వంట చేస్తాడా?

పొన్నూరు అత్త
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నాకు అరవై దాటాయి. మీరంతా మాటల మీద మాట్లాడుకుంటున్నారు, బాగానే ఉంది. నా గొడవ వేరు.

చిన్నప్పటి నుంచి నేను విన్న ప్రసంగాల్లో సగం గర్వం మీద. గర్వమే మూల పాపం, నిన్ను నువ్వు తగ్గించుకో, నీది అని ఏదీ ఉంచుకోకు. ముందు బెంచీల్లో పెద్దమనుషులు విని కాఫీకి పోయేవాళ్లు. వెనక మా అమ్మ ఏడ్చేది. మా అమ్మకు గర్వపడే తీరిక ఎక్కడిది? నాలుగింటికి లేచేది, అందరూ తిన్నాక గిన్నె గీక్కుని తినేది. ఆమెలో ఇంకా తగ్గించుకోవడానికి ఏం మిగిలింది? అయినా నాలో గర్వం ఉందేమో ప్రభువా అని ఏడ్చేది. నేనూ చాలా ఏళ్లు అలాగే ఏడ్చాను.

ఎప్పుడో ఒక సభలో ఒకావిడ చెప్పింది. అమెరికాలో వాలరీ సేవింగ్ అనే ఆమె 1960లోనే రాసిందట. మగ పండితులు తమ పాపాన్ని చూసుకుని అదే అందరి పాపం అనుకున్నారు, ఆడవాళ్ల పాపం చాలావరకు దీనికి తలకిందులు, తనంటూ ఏమీ లేకుండా అరిగిపోవడం అని. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు నేను తిన్నాను. చిన్న విషయమే. మా ఆయన కాసేపు చూసి, కూర అయిపోతుందేమో నాకూ పెట్టు అన్నాడు.

నీళ్లబిందె
అత్తా 🙏

వెనక బెంచీ
అత్తయ్యగారూ, మీది వాక్యమా, సాక్ష్యమా?

పొన్నూరు అత్త
కూర.

మారు పేరు
అసలు పేరుతో రాయలేను, అందుకని కొత్త ఖాతా తెరిచాను. మా అక్క సంగతి. పెళ్లయి పద్నాలుగేళ్లు. బావ కొడతాడు. మూడుసార్లు మా ఇంటికి వచ్చేసింది. మూడుసార్లూ వాళ్ల సంఘ కాపరి వచ్చి ప్రార్థన చేసి వెనక్కి తీసుకెళ్లాడు. "ఎవరి సిలువ వాళ్లే మొయ్యాలమ్మా" అన్నాడు. అక్క కూడా అదే నమ్ముతోంది. తాను బాధ పడితే బావ మారతాడట, యేసు బాధపడ్డందుకు లోకం రక్షణ పొందినట్టు. దీనికి మీ థియాలజీలో ఏముంది?

బీడీ రెండో సంవత్సరం
ఉంది. జోఆన్ కార్ల్సన్ బ్రౌన్, రెబెకా పార్కర్, ఇంకా కొందరు రాశారు, బాధ దానంతట అదే రక్షిస్తుందని నేర్పితే దెబ్బలు తినేవాళ్లు అక్కడే ఉండిపోతారని. సిలువ గురించి వాళ్లు చెప్పిందంతా నేను ఒప్పుకోను. కానీ ఒకటి మాత్రం నిజం, సిలువ ఎత్తుకోమన్నది యేసు. మొగుడి చేతి కర్రకు సిలువ అని పేరు పెట్టింది యేసు కాదు.

గోదారిగట్టు
యేసు కూడా రాళ్లు ఎత్తినప్పుడు నిలబడి తినలేదమ్మా. యోహాను 8:59, దాగి దేవాలయంలోంచి బయటికి వెళ్లిపోయాడు. మత్తయి 10:23లో ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపోమన్నాడు. ఈ రెండూ మీ అక్కకు చదివి వినిపించండి.

పాత తర్జుమా
నేను ఇక్కడ చాలామందితో ఏకీభవించను. కానీ కొట్టేవాడి దగ్గరికి తిరిగి పంపడం కాపరి పని కాదు. ఆ సంఘంలో పెద్దలు లేరా? మీ అక్కను ఇంట్లో ఉంచుకోండి, పంపకండి.

విజయవాడ లాయరు
చట్టం మాట ఒకటి. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టంలో మగవాడికి భార్య వ్యభిచారం ఒక్కటి చాలు. ఆడమనిషి అయితే వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా చూపించాలి. అలా నూటముప్పై ఏళ్లు నడిచింది, 2001లో సవరించారు. ఇప్పుడు క్రూరత్వం ఒక్కటే చాలు. విడాకులు వద్దనుకున్నా 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. మెడికల్ కాగితాలు పారేయొద్దు. నాకు విడిగా రాయండి.

మారు పేరు
రాస్తాను. అందరికీ థ్యాంక్స్.

వెనక బెంచీ
మారు పేరు అమ్మాయి రాసింది చదివి నిద్ర పట్టలేదు. ఒక నిర్ణయానికి వచ్చాను. పుల్పిట్ కోసం కొట్లాడను, ఈసారికి. అబ్రాము భార్య శారయి (తర్వాత శారా అయింది) దాసి హాగరు గురించి చెబుతాను. పారిపోయిన ఆడమనిషి కదా.

పాత తర్జుమా
ఆదికాండం 16 జాగ్రత్తగా చదవండి. 9వ వచనంలో దూత ఆమెను యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లి అణిగి ఉండమంటాడు. మీ వాదానికి అడ్డం వస్తుంది.

బీడీ రెండో సంవత్సరం
అంకుల్ చెప్పింది నిజం, దాన్ని దాటేయకూడదు. నల్లజాతి అమెరికన్ డెలోరెస్ విలియమ్స్ 1993లో దీని మీదే రాసింది. మా నల్లజాతివాళ్లు తరతరాలుగా ఆ కథను హాగరు వైపు నుంచి చదివారు అంటుంది. అక్కడ దేవుడు ఆమెను విడిపించలేదు. బతకడానికి దారి చూపాడు, నీళ్లు చూపాడు. వెనక్కి వెళ్లకపోతే గర్భిణి ఒంటరిగా ఎడారిలో చచ్చిపోయేది. 21వ అధ్యాయంలో రెండోసారి బయటికి వచ్చినప్పుడు వెనక్కి వెళ్లమనలేదు.

ఇంకోటి, అబ్రాము గానీ శారయి గానీ ఆమెను పేరు పెట్టి పిలవరు. "నా దాసి", "నీ దాసి" అంటారు. మొదటిసారి "హాగరూ" అని పిలిచింది దూతే. ఆమె దేవుడికి పేరు పెట్టింది, "చూచుచున్న దేవుడవు నీవే" అని. బైబిల్లో దేవుడికి అలా పేరు పెట్టింది ఆమె ఒక్కతే.

నీళ్లబిందె
మా ఇంట్లో పాత బైబిలు తీసి ఇప్పుడే చదివాను. 16:6 చూడండి ఎవరైనా. "శారయి దాని శ్రమపెట్టినందున ఆమె యొద్దనుండి అది పారిపోగా." శారయి ఆమె. హాగరు అది.

లూథరన్ పిల్ల
ఛ. నేనెన్నిసార్లు చదివానో, కనపడలేదు.

నీళ్లబిందె
నాకు కనపడుతుంది. మా అమ్మ వేరే వాళ్ల పొలాల్లో కూలికి పోయేది. ఆసామి భార్య ఆవిడ, మా అమ్మ అది. "అది వచ్చిందా, దానికి గంజి పొయ్యండి." మా గూడెంలో ఆడవాళ్లందరూ వాళ్ల నోట్లో అదే. చర్చికొస్తే బైబిల్లో కూడా మేం "అది" అని ఎవరూ చెప్పలేదు. దళిత స్త్రీల థియాలజీ అని సెమినార్లు పెడతారు, మంచిదే. నాకైతే ఈ ఒక్క వాక్యం చాలు.

పాత తర్జుమా
ఆ కాలపు తెలుగు అది తల్లీ. తక్కువ చేయాలని రాయలేదు. గ్రాంథికంలో స్త్రీకి "అది" తప్పు కాదు, మాస్టారు చెప్పారుగా.

తెలుగు పండితుణ్ణి
వ్యాకరణానికి తప్పు కాదండీ. కానీ ఒకే వాక్యంలో ఒకామెకు "ఆమె", ఇంకొకామెకు "అది" అన్నారంటే అక్కడ పనిచేసింది వ్యాకరణం కాదు, వరస. రాసినాయనకు ఎవరు యజమానురాలో ఎవరు దాసో చెవిలోనే ఉంది. హీబ్రూలో ఈ తేడా ఉందా?

బీడీ రెండో సంవత్సరం
లేదు మాస్టారూ. ఇద్దరికీ ఒకటే. ఇది మన తెలుగు చేర్చింది. వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదంలో "ఆమె" అనే ఉంది.

పాత తర్జుమా
అచ్చులో ఏముంటే అది చదవాలి. నచ్చలేదని మార్చుకుంటూ పోతే ఎక్కడ ఆగుతాం?

నీళ్లబిందె
పరిశుద్ధాత్మకు "డు" తగిలించినప్పుడు ఎవరూ ఆపలేదుగా అన్నా.

గుణదల మెట్లు
మగ్దలేనా మరియ సంగతీ ఇంతే. 591లో గ్రెగరీ పోపుగారు ఒక ప్రసంగంలో ఆమెనూ, లూకా 7లో పాపాత్మురాలినీ ఒకరే అన్నారు. సువార్తలో ఆ మాట లేదు. దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు ఆమెను వేశ్యగానే చూశారు. 1969లో పూజల పట్టిక సవరించినప్పుడు ఆ ముద్ర తీశారు, 2016లో ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల స్థాయి పండుగ చేశారు. ఎక్కించడానికి ఒక ప్రసంగం, దించడానికి పద్నాలుగు వందల ఏళ్లు.

వెనక బెంచీ
రెండు వారాలు కనపడలేదని తిట్టుకోకండి. నిన్న అయిపోయింది.

కిందే నిలబడ్డాను. మైకు గుయ్యిమంది, సరి చేసేసరికి మూడు నిమిషాలు పోయాయి. ఆదికాండం 16 చదివాను. "అది" ఉన్నచోటల్లా "ఆమె" అని చదివాను. ఎవరికీ చెప్పలేదు, గట్టిగా కూడా అనలేదు. 9వ వచనం దాటవేయలేదు, కష్టమైన మాటే అని చెప్పి 21వ అధ్యాయం దాకా తీసుకెళ్లాను. పది నిమిషాలన్నారు, ఇరవై ఒకటయింది. తర్వాత అయ్యగారు లేచి, ఈరోజు ఇక ప్రసంగం క్లుప్తంగా చెబుతాను అని అయిదు నిమిషాల్లో ముగించారు.

బయట టీ దగ్గర పెద్దాయన పట్టుకున్నారు. "అమ్మా, మీరు వాక్యం మార్చి చదివారు" అన్నారు. ఆయన చెవి మెచ్చుకోవాలి, చర్చి మొత్తంలో పట్టుకున్నది ఆయన ఒక్కరే. "నేను చెప్పింది సాక్ష్యమే కదండీ, వాక్యం కాదుగా" అన్నాను. టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ తీసుకున్నారు. ఏమీ అనలేదు. వచ్చే కమిటీలో అంటారేమో.

గూడెం నుంచి వచ్చే ఒక ముసలమ్మ, చదువు రాదు, ఆ కథ ఎక్కడుందో మనవడి చేత గుర్తు పెట్టించుకుంది. బైబిల్లో బస్సు టికెట్టు పెట్టించుకుని వెళ్లింది.

నీళ్లబిందె
ఏం రాయాలో తెలియట్లేదక్కా.

పొన్నూరు అత్త
ఇరవై ఒక్క నిమిషాలు. భలే.

లూథరన్ పిల్ల
పాత తర్జుమా అంకుల్ ఎక్కడ?

పాత తర్జుమా
ఇక్కడే ఉన్నాను. చదివాను. అచ్చయినది మార్చి చదవడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. నా బైబిల్లో 16:6 పక్కన అంచున "ఆమె" అని రాసుకున్నాను. పెన్సిలుతో.

గోదారిగట్టు
అంచున రాసుకున్నది తర్వాత లోపలికి చేరుతుందని బీడీ బాబు మొదట్లోనే చెప్పాడన్నా, జాగ్రత్త.